నాచారంలో నలభై ఐదో గెస్ట్

"లాంగ్ టర్మ్‌ల సీట్లున్నయా?"

"ఒక్కటే ఉంది. అది గూడ ఫ్యాన్ కింద కాదు."

కోడ్ సరిపోయింది. హబ్సిగూడ కోచింగ్ సెంటర్ రిసెప్షనిస్ట్ టేబుల్ కింద బటన్ నొక్కింది. ఎంసెట్ ర్యాంకర్ల ఫోటోల బోర్డు పక్కకు జరిగింది. ఏజెంట్ పదిహేడు లోపలికి నడిచాడు.

అసలు పేరు మొగిలయ్య. వయసు నలభై తొమ్మిది. చదువు తొమ్మిదో తరగతి, అదీ రెండుసార్లు. ఏడు దేశాల గూఢచారులు గాలిస్తున్న ఈ మనిషి, 2012 జూలైలో ఒక గురువారం నాడు కరెంటు మీటర్ల రీడింగ్ తీసే ఉద్యోగి వేషంలో, చంకలో బిల్లింగ్ మెషీన్‌తో ఉన్నాడు.

చీఫ్ గోపాలరావు తల ఎత్తలేదు. "టైమెంత?"

"రెండుంపావు."

"నాలుగింటికి నీ బామ్మర్ది చస్తడు."

కుర్చీ లాక్కోబోయిన మొగిలయ్య చెయ్యి అక్కడే ఆగింది.

అతని భార్య తమ్ముడు దుర్గేష్. మూడేళ్లుగా ఒక విదేశీ రేవు పట్టణంలో వంటవాడి వేషంలో ఉంటూ, 'కోరల్' ముఠా గుట్టు మనవాళ్లకు చేరవేస్తున్నాడు. ముఠా నాయకుడికి రోజూ బిర్యానీ వండిపెట్టేది అతనే.

"దుర్గేష్ అసలు పేరు, ఫోటో మన ఫైల్లకెళ్లి ఎవడో దొంగిలించిండు," అన్నాడు చీఫ్. "నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల ఒక డేటా సెంటర్ ఉంది. దాంట్ల దాచిండు. సరిగ్గ నాలుగు గంటలకు అది ముఠాకు పోతది."

"మరి గంట కొట్టేదాంక కూసునుడెందుకు సార్? పోయి పీకి పారేస్త."

"తొమ్మిది సర్వర్లున్నయి. ఏ దాంట్ల ఉన్నదో తెల్వదు. అన్నీ పీకితే పన్నెండు దవాఖానాల రికార్డులు ఆగమైతయి."

"ఇంటర్నెట్ వైరు కోస్తే?"

"కోసిన సెకనులనే, లోపల దాచిన సిమ్ కార్డు నుంచి పంపేస్తది. వాళ్లు గది గూడ ఆలోచించిన్రు."

మూలనున్న సోఫా నుంచి ఖరీదైన సెంటు వాసన లేచింది. దాని వెనకే త్రిపురసుందరి లేచింది. డిపార్ట్‌మెంట్ కంప్యూటర్ ఆఫీసర్. వంకాయరంగు షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు. ఆమె నడిచొస్తే ఫైళ్లు మోసే ప్యూన్లు గోడలకు గుద్దుకునేవారు.

"సెంటర్ మొత్తం నేనే చెక్ చేశాను," అంటూ ఒక ప్రింటవుట్ అందించింది. "ఆ తొమ్మిది సర్వర్లలో నలభై నాలుగు వర్చువల్ మెషీన్లు నడుస్తున్నాయి. నలభై నాలుగూ తెలిసిన కస్టమర్లవే. ఏ ఫైల్లో దాచారో వెతకాలంటే రెండు రోజులు పడుతుంది. సారీ."

"సారీ ఎందుకు మేడమ్, చీర మస్తుంది," అన్నాడు మొగిలయ్య. నవ్వు మాత్రం మొహం మీదికి రాలేదు.

ఉప్పల్ రోడ్డంతా మెట్రో పిల్లర్ల కోసం తవ్వి పెట్టారు. గుంటల పక్కన మోపెడ్ నడుపుతూ అతను నాచారం చేరేసరికి మూడూ ఇరవై.

సర్వర్ రూములో చలి ఎముకలు కొరుకుతోంది. ఏసీ మెకానిక్ వేషంలో విశ్వనాథం కాచుకొని ఉన్నాడు. ఒక పరిశోధన సంస్థలో ఆపరేటింగ్ సిస్టమ్ మీద ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఏసీ మెకానిక్కు మంకీ క్యాప్, మఫ్లర్ ఉండవన్న సంగతి ఆయనకెవరూ చెప్పలేదు.

"ఏందయ్య, ఏసీ బాగుచేసెటోనికి ఏసీ అంటే గంత భయమా?"

"వేళాకోళం తరవాత, మొగిలయ్యగారూ. లిస్టు మూడుసార్లు తీశాను. నలభై నాలుగే వస్తోంది."

"జర నాకు సమజయ్యేటట్టు చెప్పున్రి. ఈ వర్చువల్ మెషీన్ అంటే ఏంది?"

"సర్వర్ ఒక ఇల్లనుకోండి. వర్చువల్ మెషీన్లు అందులో అద్దెకున్న పోర్షన్లు. ఎవరి వంట వాళ్లది. మేం గెస్టులంటాం. కెర్నల్ అని ఒకటుంటుంది, అది ఇంటి ఓనరు. గెస్టులకు కావలసినవన్నీ అదే చూస్తుంది."

"మరి ఈ లిస్టు ఓనరు రాసిచ్చిందా?"

విశ్వనాథం కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "కాదు. బయటుండే ఒక ప్రోగ్రాం రాస్తుంది."

"అంటే వాచ్‌మెన్. వాచ్‌మెన్‌కు చాయ్ తాపితే ఒక పోర్షన్ పేరు ఎగ్గొడ్తడు. ఓనరు దగ్గర వేరే లెక్క ఉండదా?"

"ఉంటుందండీ. పని మధ్యలో గెస్ట్ వచ్చి కెర్నల్ తలుపు తట్టిన ప్రతిసారీ లోపల ఒక అంకె పెరుగుతుంది. ఆ అంకెను బయటివాళ్లు చదువుకోడానికి కెర్నల్ ఒక ఫైల్లో పెడుతుంది. మాలాంటి కెర్నల్ పిచ్చోళ్లు తప్ప ఎవరూ దాని మొహం చూడరు. కానీ లాభం లేదు. విడివిడిగా ఇవ్వదు. ఒక్కో సర్వర్‌లో గెస్టులందరిదీ కలిపి ఒకటే నంబరు."

మొగిలయ్య చంకలోని బిల్లింగ్ మెషీన్ కింద పెట్టాడు.

"పంతులూ, ఆరు పోర్షన్లకు ఒకటే మీటరు ఉంటే, ఎవడు దొంగ కరెంటుకు కొక్కెం ఏసిండో మేమెట్ల పట్టుకుంటమో ఎరికేనా? అందరినీ స్విచ్చులు బంద్ చెయ్యమంటం. వాకిట్ల నిలబడి మీటర్ చూస్తం. అన్నీ బందైనంక గూడ మీటర్ తిరిగిందంటే, దొంగ ఆ ఇంట్లనే ఉన్నడు."

విశ్వనాథం మంకీ క్యాప్ తీసేశాడు. "లిస్టులో ఉన్న గెస్టులందర్నీ ఒకేసారి పాజ్ చేయొచ్చు. రికార్డులేం చెడవు. కానీ మూడు నిమిషాలు దాటితే హాస్పిటళ్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి."

తొమ్మిది కెర్నళ్ల అంకెలు ఒకే లాప్‌టాప్ మీదికి వచ్చేలా ప్రోగ్రాం రాసేసరికి మూడూ యాభై ఐదు. విశ్వనాథం ఎంటర్ కొట్టాడు. నలభై నాలుగు గెస్టులు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి.

ఒకటో అంకె ఆగింది. రెండోది ఆగింది. మూడు, నాలుగు, ఐదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది.

ఆరోది తిరుగుతూనే ఉంది.

"ఆరో సర్వర్," గుసగుసగా అన్నాడు విశ్వనాథం. "నలభై ఐదో గెస్ట్ అక్కడున్నాడు."

"ఉండనివ్వండి. ఐదు నిమిషాల్లో వెళ్లిపోతాడు."

తలుపు దగ్గర సెంటు వాసన. త్రిపురసుందరి చేతిలో లిప్‌స్టిక్. దాని కొసన ఎరుపు లేదు, సన్నని రంధ్రం ఉంది. అది విశ్వనాథం నుదుటి వైపు చూస్తోంది.

"ఇద్దరూ గోడకు. కీబోర్డు ముట్టుకుంటే పెద్దాయన ఉండడు."

నిమిషాలు గడిచాయి. మూడూ యాభై ఎనిమిది. బయట ఆఫీసులో ఫోన్లు మోగడం మొదలైంది.

"లిస్టు మార్చాను. స్క్రీన్లు మార్చాను. ఎలా పట్టుకున్నారు?" అంది ఆమె. నిజంగానే తెలుసుకోవాలని ఉంది ఆమెకు.

"మీరు పెరిగింది సైనిక్‌పురిల కదా మేడమ్," మొగిలయ్య గోడ వెంబడే ఒక్కొక్క అడుగు జరుగుతూ అన్నాడు. "ఇల్లొక్కటి, మీటరొక్కటి. పక్క పోర్షనోడు రాత్రి హీటర్ పెట్టిండా అని మీరెన్నడూ మీటర్ కాడ నిలబడలే. అది మీ తప్పు కాదు. మీ నాయన కట్టించిన ఇంటి తప్పు."

"కదలకు."

"మీకు పెండ్లి సంబంధం గూడ చూసిన. పిలగాడు వంట మంచిగ చేస్తడు. జర నాలుగింటిదాంక బతకనియ్యున్రి."

ఆమె పెదవి వంకర తిరిగింది. ఆ అరసెకనులో అతను ఆరో సర్వర్ ఉన్న ర్యాక్ వెనక్కి దూకాడు. లిప్‌స్టిక్ పేలింది. భుజం దగ్గర ఖాకీ చొక్కా కాలి పొగ వచ్చింది. మొగిలయ్య చేతికందిన పవర్ కేబుల్ పట్టి పీకాడు.

"మొగిలయ్యా, ఇంకా తిరుగుతోంది," విశ్వనాథం లాప్‌టాప్ వైపు చూసి అరిచాడు. "మూడూ యాభై తొమ్మిదీ నలభై."

"వైరు పీకిన గదయ్య!"

"రెండో కరెంటు సప్లై ఉంటుంది. కింద. కుడివైపు."

చీకట్లో వైర్ల గుట్ట. అన్నీ నల్లవే. ఒకటి పట్టాడు, అది పక్క సర్వర్‌ది. వదిలేశాడు. ఇంకోటి పట్టుకొని, దాని వెంట వేళ్లు జరుపుతూ ప్లగ్ దాకా వెళ్లాడు.

"యాభై రెండు. యాభై ఐదు."

క్లిప్పు బిగుసుకుంది. గోరు విరిగింది.

"యాభై ఎనిమిది."

ఆరో సర్వర్ ఫ్యాన్లు నిట్టూర్చి ఆగాయి. లాప్‌టాప్ మీద ఆరో గడి ఖాళీ అయింది. విశ్వనాథం మిగతా గెస్టులను మళ్లీ నడిపించాడు. బయట ఫోన్లు ఒక్కొక్కటే మోగడం మానేశాయి.

లిప్‌స్టిక్‌లో ఉన్నది ఒక్కటే గుండు. అది పేలగానే త్రిపురసుందరి చెప్పులు చేత పట్టుకొని గేటు దాకా పరుగెత్తింది. గేటు దగ్గర కుల్ఫీ బండివాడు ఎంతో మర్యాదగా బేడీలు వేశాడు.

మర్నాడు చీఫ్ ఒక టెలిగ్రాం లాంటి కాగితం చదివి వినిపించాడు. దుర్గేష్ పంపిన వారం రిపోర్టు. "ఇక్కడ విశేషాలేమీ లేవు. చాలా బోరుగా ఉంది. రెండు నెలల లీవు కోరుతున్నాను."

చీఫ్ కలం తీశాడు. "ఇద్దామా?"

మొగిలయ్య కట్టు కట్టిన వేలు పైకెత్తాడు.

"వద్దు సార్. వస్తే దిగేది మా ఇంట్లనే."