పది దాటాక దిగకూడని గది

ఆ గదిలోకి రాత్రి పది దాటాక ఎవరూ దిగరు. దిగకూడదని తలుపు మీద బోర్డు కూడా ఉంది. యూనివర్సిటీ ఆఫీసువాళ్ళే సంతకం చేసి మరీ తగిలించారు.

పిల్లాజెల్లాతో చదువుకోవడానికి వచ్చినవాళ్ళ కోసం కట్టిన నాలుగంతస్తుల క్వార్టర్స్ అవి. ఒక్కో కుటుంబానికి ఒక గది, ఒక వంటిల్లు. అందరికీ కలిపి అడుగున ఒక నేలమాళిగ. అందులో బట్టలుతికే మెషీన్లు రెండు, ఇస్త్రీ బల్ల ఒకటి. పగలు అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు. రాత్రయితే మాత్రం...

రాత్రయితే ఖాళీ మెషీను దానంతటదే తిరుగుతుందట. తలుపు కింద సన్నటి వెలుగు కనిపిస్తుందట. ఎవరో ఆడమనిషి లోగొంతుకతో ఏదో వల్లె వేస్తుంటుందట. ఎప్పుడో ఒక తల్లి, తెల్లారితే పరీక్ష అనగా, పిల్లల బట్టలు ఉతకడానికి దిగి మళ్ళీ పైకి రాలేదనీ, ఆవిడే ఇంకా చదువుతోందనీ చెప్పుకుంటారు. ఆవిడ ఎవరంటే ఎవరికీ తెలియదు. కథ మాత్రం అందరికీ తెలుసు.

ఆ గదికి సరిగ్గా నెత్తిన ఉన్న ఇంట్లోకి వచ్చిన మూడు కుటుంబాలు ఏడాది తిరక్కుండానే ఖాళీ చేసి పోయాయి. నాలుగో వంతు టీచరమ్మది.

టీచరమ్మ పదకొండేళ్ళు బళ్ళో సైన్సు పాఠాలు చెప్పి, ముప్పై ఎనిమిదో ఏట మట్టి మీద పరిశోధన చేస్తానని సీటు తెచ్చుకున్న మనిషి. "పిల్లల్ని నా దగ్గర వదిలేసి వెళ్ళు, లేదంటే చదువు మానుకో" అంది అత్తగారు. రెండింట్లో ఒకటే అనేసరికి టీచరమ్మకి ఒళ్ళు మండింది. "రెండూ నావే అత్తయ్యా" అని పదేళ్ళ కూతుర్నీ, ఐదేళ్ళ కొడుకునీ వెంటబెట్టుకుని ఊరుగాని ఊరొచ్చేసింది. మధ్యలో నలిగిపోయిన మొగుడు, "ముందు మంచి ఇల్లు చూడు. కుదరకపోతే నేనొచ్చి పిల్లల్ని తీసుకెళ్ళిపోతాను" అన్నాడు.

ఇల్లు కుదరడమంటే మాటలా? ఒకటి విశాలంగా ఉంది, కిటికీ తీస్తే చెట్లు. కానీ రెండు బస్సులు మారితే గానీ ప్రయోగశాల రాదు. ఇంటికి చేరేసరికి చిన్నోడు నిద్రపోయి ఉంటాడు. ఇంకొకటి దగ్గరే. దాని యజమానురాలు చిన్నోణ్ణి ఎగాదిగా చూసి, "పిల్లలు గోడల మీద గీస్తారు" అని తలుపేసుకుంది. వాడు అప్పటికి గోడ వైపు చూడనైనా లేదు.

మిగిలింది క్వార్టర్స్‌లో ఈ ఇల్లు. ప్రయోగశాలకి పది నిమిషాల నడక. గోడ అవతలే బడి.

"ఇంత మంచి ఇల్లు ఎందుకు ఖాళీగా ఉంది?" అని అడిగింది ఆఫీసు గుమాస్తాని.

ఆయన తాళంచెవి చేతిలో తిప్పుతూ నసిగాడు. "రాత్రిళ్ళు... అడుగున కాస్త చప్పుడు, మేడం."

"ఎలకలా?"

"ఎలకలైతే మందు పెట్టేవాళ్ళం కదండీ."

టీచరమ్మ తాళంచెవి లాక్కుంది. బతికున్నవాళ్ళే ఇల్లివ్వనప్పుడు చచ్చినవాళ్ళకి భయపడే తీరిక ఆవిడకి లేదు.

మొదటి వారం ఏ చప్పుడూ వినిపించలేదు, అలసటతో ఒళ్ళు తెలియని నిద్ర. రెండో వారం నుంచి అసలు తిప్పలు మొదలయ్యాయి. పాఠాలు చదువుకోవాలంటే పిల్లలు పడుకున్నాకే. గదిలో దీపం వేస్తే చిన్నోడు లేచి కూర్చుంటాడు. వంటింట్లో పొయ్యి పక్కన నేలమీద చతికిలబడి, తలుపు స్థానంలో దుప్పటి కట్టి చదివేది. నడుం పట్టేసేది. నాలుగు పేజీలయ్యేసరికి పుస్తకం మీదే కునుకు. ఏడాది చివర మొదటి పరీక్ష ఉంది, అది తప్పితే సీటు పోతుంది.

అలా కునికిపాట్లు పడుతున్న ఒక రాత్రి నేల అదిరింది.

గుడ గుడ గుడ... ఆగింది. మళ్ళీ గుడ గుడ...

చెవి నేలకి ఆనించింది. మెషీను చప్పుడు. దాని వెనక — అవును — ఒక గొంతు. ఆడగొంతు. గుసగుసగా, ఆగకుండా, బట్టీపడుతున్నట్టు.

అబద్ధమెందుకు, ఆ రాత్రి ఆవిడకీ గుండెలు జారాయి. పిల్లల మంచం దగ్గరికి పరిగెత్తింది. ఇద్దరూ హాయిగా నిద్రపోతున్నారు. దుప్పటి తన్నేయడంలో చిన్నోణ్ణి మించినవాడు లేడు. అలాంటిది, పాదాల కింద దాకా దుప్పటి ఒద్దికగా దోపి ఉంది. పెద్దది సర్దిందనుకుంది.

తెల్లారేసరికి భయం పోయి కోపం మిగిలింది. చీకటి పడ్డాక, పది కొట్టకముందే, కూతుర్ని వెంటేసుకుని కిందకి దిగింది. నేలమాళిగ గడప ముందు, గుమ్మం పొడవునా పౌడరు పలచగా చల్లింది.

"ఇదెందుకమ్మా?" అంది కూతురు.

"గాలి కబుర్లు కాదు, మనకి సాక్ష్యం కావాలి."

పొద్దున్నే వెళ్ళి చూశారు. పౌడరులో అడుగులు. లోపలికి రెండు. బయటికి... ఒక్కటీ లేదు.

"చూశావా, చెప్పులేసుకుంది. దెయ్యాలకి చెప్పులెక్కడివి?" అంది టీచరమ్మ, గొంతు సవరించుకుంటూ.

కూతురు చాలాసేపు వంగి చూసింది. తర్వాత తల్లి చెయ్యి పట్టుకుని మెల్లగా అంది — "దెయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు కదమ్మా... అంటే అది లోపలికి వెళ్ళలేదు. బయటికొచ్చింది."

సైన్సు టీచరు కూతురై పుట్టినందుకు ఆ పిల్లని మెచ్చుకోవాలో, నెత్తిన మొట్టాలో టీచరమ్మకి తోచలేదు.

ఈలోగా చిన్నోడు చెయ్యాల్సింది చేసేశాడు. ఫోనులో నాయనమ్మకి, "మా ఇంటి కింద దెయ్యం ఉంది, అది ఎమ్మే చదువుతోంది" అని ముద్దుముద్దుగా చెప్పాడు. మరో అరగంటకి మొగుడి ఫోను.

"శనివారం వస్తున్నాను. ఆదివారం పొద్దున బండికి పిల్లల్ని తీసుకెళ్తాను. ఇంక వాదించకు."

"ఎవరి మాట విని?"

"దెయ్యం సంగతి పక్కన పెట్టు. నీ గొంతు విన్నావా? నిద్ర లేదు, చదువూ సాగడం లేదు. నువ్వే చెప్పు, ఎన్నాళ్ళిలా?"

అతనన్నది నిజం. అందుకే ఒళ్ళు మరీ మండింది. ఫోను పెట్టేసి, వంటింట్లో కాసేపు ఏడ్చింది కూడా. తర్వాత మొహం కడుక్కుంది. శుక్రవారం రాత్రే తాడో పేడో తేల్చుకోవాలనుకుంది.

శుక్రవారం పిల్లలు పడుకున్నాక కూతురి టార్చి ఒక చేత్తో, మట్టి నమూనాలు తవ్వే పార ఒక చేత్తో పట్టుకుంది. ఇంటి తలుపు బయట నుంచి తాళం వేసి మెట్లు దిగింది.

పదమూడు మెట్లు. అడుగున చీకటి. తలుపు కింద... సన్నటి వెలుగు.

గుడ గుడ గుడ...

"ఎవరది?" అంది. మెషీను చప్పుడులో ఆ మాట కలిసిపోయింది. మళ్ళీ అంది, ఈసారి గట్టిగా, క్లాసు రూములో వెనక బెంచీ వాళ్ళని అదిలించినట్టు — "ఎవరది? నా నెత్తిన... కాదు, నా కాళ్ళకింద కూర్చుని నా పిల్లల్ని నాకు కాకుండా చేస్తున్నావు! నువ్వు చచ్చినదానివైతే చచ్చినట్టుండు. నేను మాత్రం ఈ ఇల్లు వదల్ను!"

గొంతు ఆగింది. మెషీను ఆగలేదు.

పార ఎత్తి పట్టుకుని తలుపు ఒక్క తోపు తోసింది.

ఇస్త్రీ బల్ల ముందు ఎవరో... తెల్లటి కోటు. విరబోసిన జుట్టు. మెల్లగా తలతిప్పింది.

"తలుపు వెయ్యమ్మాయ్" అంది గుసగుసగా. "వెచ్చదనమంతా పోతోంది."

మొహాన కళ్ళద్దాలు. ముందు నాలుగు పుస్తకాలు, ఫ్లాస్కు, సగం కొరికిన పెన్సిలు. కాళ్ళకి చెప్పులు. పాదాలు ముందుకే ఉన్నాయి.

టీచరమ్మ పార దించింది. అక్కడే ఉన్న బట్టల బుట్ట మీద కూలబడింది.

ఆవిడ పై అంతస్తులో ఉండే మందుల శాస్త్రం విద్యార్థిని. ముగ్గురు పిల్లల తల్లి. చలికీ, పైకి చదువు వినపడకుండా ఉండడానికీ ఖాళీ మెషీను తిప్పుతుంది. వచ్చేది ముందు తలుపు నుంచి, పోయేది నీళ్ళ గొట్టాల వైపున్న వెనక తలుపు నుంచి.

"మూడుసార్లు అర్జీ పెట్టారు మన ముందటివాళ్ళు" అంది. "రాత్రి చదువుకోవడానికి ఒక్క గది ఇప్పించండి, పిల్లలకి అందుబాటులో ఉండాలి అని. పిల్లల తల్లులకి ప్రత్యేకంగా ఏర్పాట్లు ఉండవన్నారు ఆఫీసువాళ్ళు. సరే, అయితే దెయ్యం కథనే వాడుకుందాం అనుకున్నారు మనవాళ్ళు. అడిగితే ఇవ్వని గది, భయపెడితే ఇచ్చారు. బోర్డు కూడా ఆఫీసువాళ్ళే పెట్టారు."

"మరి మా ఇంట్లో ఉన్నవాళ్ళని ఎందుకు తరిమారు అక్కా?"

"ఎవరు తరిమారు? దిగి చూస్తే చోటిచ్చేవాళ్ళం. మూడేళ్ళలో ఒక్కళ్ళూ మెట్లు దిగలేదు. నువ్వు పౌడరు చల్లినప్పుడే అనుకున్నాను, దిగి వస్తావని. వచ్చే నెల నేను నా పరిశోధన పుస్తకం సమర్పించి వెళ్ళిపోతున్నాను. దెయ్యం ఉద్యోగం ఖాళీ అవుతోంది, చేరతావా?"

టీచరమ్మకి నవ్వాగలేదు. ఈ ఊరొచ్చాక అంతలా నవ్వడం అదే మొదలు.

సబ్బు పెట్టే బీరువా తలుపు తీసి ఆవిడ లోపలి వైపు చూపించింది. రకరకాల చేతిరాతలు. మొక్కల శాస్త్రం, ఇద్దరు పిల్లలు, పూర్తయింది. న్యాయశాస్త్రం, ఒక్కడు, పూర్తయింది. అలా ఆరు వరసలు. అన్నిటికంటే పైన, దాదాపు చెరిగిపోయిన పెన్సిలుతో — లెక్కలు, ఇద్దరు పిల్లలు. దాని పక్కన "పూర్తయింది" అని లేదు.

"ఈవిడెవరు?"

"తెలీదు. మా అందరికంటే ముందుది."

టీచరమ్మ లేచింది. ఏదో గుర్తొచ్చి గుమ్మం దగ్గర ఆగింది. "అన్నట్టు అక్కా... మా చిన్నోడికి దుప్పటి సర్దేది కూడా మీరేనా? మా పెద్దదాన్ని అడిగితే నేను కాదంది."

ఆవిడ కళ్ళద్దాలు తీసింది.

"దుప్పటా? నేను మీ గడప ఎప్పుడూ తొక్కలేదమ్మాయ్."

మెషీను తిరుగుతూనే ఉంది.

"మా ముగ్గురు పిల్లలకీ అంతే" అంది ఆవిడ, చాలా నెమ్మదిగా. "నేను పుస్తకం తీస్తే చాలు... తెల్లారి దుప్పట్లు సర్ది ఉంటాయి. నాకు ముందున్నావిడా అదే చెప్పింది. మేం ఎవరమూ అంతకు మించి అడగలేదు."

శనివారం మొగుడొచ్చాడు. వస్తూనే పిల్లల బట్టలు సర్దబోయాడు. టీచరమ్మ సంచి చేతుల్లోంచి లాగేసుకుంది.

"పిల్లలు ఎక్కడికీ రారు. నాకు చదువుకునే చోటు దొరికింది. ఈ రాత్రి ఇక్కడే పడుకోండి. తెల్లారేసరికి భయమేస్తే మీరు వెళ్ళండి, మేం ఉంటాం."

అతను నోరు వెళ్ళబెట్టాడు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆ గొంతు అతను వినలేదు.

అతను పిల్లల మధ్య నిద్రపోయాక, ఆవిడ పుస్తకాలు తీసుకుని కిందకి దిగింది. ఆ ఊరొచ్చాక మొదటిసారి, కునుకు లేకుండా, ఒక అధ్యాయం మొత్తం చదివింది. ఐదింటికి పైకొచ్చేసరికి అతను లేచి కూర్చుని ఉన్నాడు. మొహం తేటగా ఉంది.

"దెయ్యం లేదు, గియ్యం లేదు. చిన్నప్పటి తర్వాత ఇంత నిద్ర పోలేదు నేను" అన్నాడు. "అమ్మకి నేను చెప్పుకుంటాలే. పిల్లలు ఇక్కడే ఉండనీ." ఆవులించి, నవ్వాడు. "అయినా మూడింటప్పుడు నువ్వొచ్చి నాక్కూడా దుప్పటి కప్పడమేమిటి? నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?"

టీచరమ్మ కళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి. భయంతో మాత్రం కాదు.

"చలిగా ఉంది కదా అని" అంది.

ఆదివారం పొద్దున బండికి అతనొక్కడే వెళ్ళాడు. ఆ రాత్రి టీచరమ్మ పిల్లల్ని పడుకోబెట్టి, పుస్తకాలు చంకన పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. వెనక్కొచ్చి, వంటింట్లో గిన్నెలు పెట్టుకునే ఒక్కగానొక్క కుర్చీని ఖాళీ చేసి, ఎత్తి తెచ్చి మంచం పక్కన వేసింది.

"ఇదిగో, కూర్చో" అంది చీకట్లోకి. "నేను పూర్తిచేస్తాను."

తలుపు దగ్గరగా వేసి, మెట్లు దిగింది.