గోడకు అవతలి రెండు గోరీలు

పొద్దు ఇంకా వాకిట్లోకి రాలేదు. మదీనాబీ పొయ్యి ముందర కూర్చొని జొన్నరొట్టెలు తడుతోంది. పక్కన తిమ్మమ్మ వేయించిన చెనిక్కాయలూ ఎండుమిరపకాయలూ రోట్లో వేసి ఊరుబిండి నూరుతోంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో తెల్లవారడం అంటే ఇదే. ఒకరు రొట్టె తడితే ఒకరు నూరేవాళ్ళు. ఉప్పు చాల్లేదని ఒకరంటే, ఎక్కువైందని ఇంకొకరనేవాళ్ళు.

ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు అడిగేవాళ్ళు, సాయిబుల ఇంట్లో బోయామె ఏందప్పా అని. "వాళ్ళు ఠాణా ఆడోళ్ళులే" అని ఊరివాళ్ళు ఒక్క మాటలో తేల్చేసేవాళ్ళు. రాయదుర్గం నుంచి మైసూరు సీమకు పోయే బాటలో ఒకప్పుడు పోలీసు ఠాణా ఉండేది. దొంగలు ఈ పక్క సంతల మీద పడి దోచుకొని, పొద్దెక్కేలోగా సరిహద్దు దాటి మైసూరు రాజ్యంలో కలిసిపోయేవాళ్ళు. వాళ్ళను ఆపడానికి పెట్టిన ఠాణా అది. పంతొమ్మిది వందల ముప్పై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో ఒకే పొద్దు ఆ ఠాణాలోని అయిదుగురూ దొంగల తుపాకులకు పడిపోయారు. వాళ్ళలో జమేదారు ఖాసిం సాబ్ మదీనాబీ మొగుడు. జవాను పుల్లన్న తిమ్మమ్మ మొగుడు. అప్పటికి మదీనాబీ ఒళ్ళో ఆరునెలల షావలి ఉన్నాడు. తిమ్మమ్మకు పిల్లల్లేరు. ఆ పొద్దు నుంచి ఇద్దరిదీ ఒకే పొయ్యి.

షావలి ఇప్పుడు పేరున్న బేల్దారి. అతను కట్టిన గోడ పక్కన దారం పట్టి చూస్తే వెంట్రుకంత తేడా ఉండదని రాయదుర్గం దాకా చెప్పుకుంటారు. పెళ్ళయి రెండేళ్ళయింది. భార్య రంజాన్ బీ మసీదు పెద్ద పీరాసాబ్ కూతురు. సరిహద్దు బాటను సర్కారు కంకర రోడ్డు చేస్తూ ఉంటే, బండ్లూ ఎనుములూ జవాన్ల గోరీల మీద నడవకుండా చుట్టూ రాతిగోడ కట్టాలని పీరాసాబే ముందుకు వచ్చాడు. పని అల్లుడికే అప్పజెప్పాడు. వారం రోజులుగా మదీనాబీ కాళ్ళు నేల మీద నిలవలేదు.

షావలి వచ్చి పీట మీద కూర్చున్నాడు. మదీనాబీ పళ్ళెంలో రొట్టె వేసింది.

"గోడకు ముగ్గు పోసినావా నాయనా?"

"నిన్న సాయంత్రమే పోసినాను."

"అయిదు గోరీలకూ చుట్టూ వస్తాది కదా?"

షావలి రొట్టె తుంచబోయినవాడు ఆగాడు. "మూడింటికే" అన్నాడు, తలెత్తకుండా.

తిమ్మమ్మ చేతిలో రుబ్బుడుబండ ఆగిపోయింది.

"ఏ మూడింటికిరా?"

"మనోళ్ళవి. పడమర నుంచి మూడు. తూర్పున ఉండే పుల్లన్న చిన్నాయనదీ జవాను ఎర్రన్నదీ బయట పడతాయి. మసీదు పేరు మీద కట్టే గోడ లోపల మనోళ్ళే ఉండాలని పెద్దలు అనుకున్నారంట. పుల్లన్న చిన్నాయన తమ్ముడు ఓబుళేసుతో కూడా మాట్లాడినారంట. మా పుల్లన్న మీ గోడలో ఎందుకని ఆయప్పా అన్నాడంట."

"గోడ బయట ఉండేదాన్ని రోడ్డోళ్ళు ఏం చేస్తారు?" అని మదీనాబీ అడిగింది.

షావలి పళ్ళెం పక్కకు జరిపాడు. తలుపు దగ్గర నిలబడిన రంజాన్ బీ మెల్లగా చెప్పింది. "కంకర పోస్తారంట అత్తా."

"నువ్వేమంటివిరా?" మదీనాబీ గొంతు పెరగలేదు. అదే షావలికి భయం.

"నేనేమంటానమ్మా? నేను బేల్దారిని. గీసిన చోట కట్టేవాణ్ణి."

తిమ్మమ్మ ఊరుబిండిని గిన్నెలోకి తీసి, రోలు కడిగి, చేతులు కొంగుకు తుడుచుకొని లోపలికి పోయింది. తిరిగి వచ్చేసరికి చంకలో చిన్న బట్టలమూట ఉంది.

"మా మరిది ఓబుళేసు ఇంటికి పోతా మదీనక్కా. నేనీడ ఉండబట్టే కదా ఈ రభస. పిల్లోనికి అత్తగారింట్లో మాట రాకూడదు. వాని కాపురం బాగుండాల."

ఆమె ఈ ఇంట్లో ఎన్నడూ ఏదీ కోరింది లేదు. ఒక్కటే అడిగేది, తాను పోయినాక పుల్లన్న పక్కన ఇంత చోటియ్యమని. ఇప్పుడు ఆ మాట కూడా ఎత్తలేదు. మదీనాబీ లేచి ఆ మూట లాక్కొని, ముడి విప్పి, రెండు చీరలూ మళ్ళీ దండెం మీద వేసింది.

"గడప దాటినావంటే నేనూ నీ ఎనకే వస్తా. ఆ ఓబుళేసు ఇంట్లో ఇద్దరికీ కూడు పెడతాడేమో కనుక్కో ముందు" అని, తల మీద కొంగు లాక్కొని, పొయ్యి మీద రొట్టెను అట్లే వదిలేసి బయటికి నడిచింది.

"అమ్మా, యాడికి?" అని షావలి వెంటపడ్డాడు. ఆమె వెనక్కి తిరగలేదు.

గోరీలు ఊరికి కూతవేటు దూరంలో, ఎర్రటి గరుసు మిట్ట మీద ఉన్నాయి. మూడేళ్ళుగా సరైన వాన లేదు. మిట్ట మీద గడ్డిపోచ లేదు, ఒక వేపచెట్టు తప్ప నీడ లేదు. అయిదు గోరీలూ ఒకే వరుసలో ఉన్నాయి. ఒక్కోదానికి తలాపున ఒక నల్లబండ, దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో పేరు. పడమర నుంచి మూడో గోరీకీ నాలుగో గోరీకీ మధ్యగా సున్నంతో తెల్లటి గీత గీసి ఉంది. పీరాసాబ్ ఇద్దరు కూలీలతో పునాది తవ్వించబోతున్నాడు.

మదీనాబీ నేరుగా పోయి ఆ గీత మీద కూర్చుంది.

"ఇదేంది వదినా!" పీరాసాబ్ నిర్ఘాంతపోయాడు. "లేమ్మా. ఆడోళ్ళు గోరీల కాడికి రాకూడదని నీకు తెల్దా?"

"ఆ పొద్దు ఈ మాట చెప్పేదానికి ఒక్క మొగోడన్నా కనపడినాడా అన్నా?"

పీరాసాబ్ ముఖం మాడిపోయింది.

"దొంగలు మళ్ళీ వస్తారని ఊరంతా తలుపులేసుకొనింది. అయిదు పీనుగలు ఎండలో పడుంటే మోసేదానికి దిక్కులేదు. నేనూ తిమ్మా బండి మీద తెచ్చినాము. వీణ్ణి ఆ వేపచెట్టు కింద గుడ్డలో పండబెట్టి ఇద్దరం గడ్డపారలు పట్టినాము. ఈ మిట్ట నేల ఎట్లాంటిదో ఈ కూలోళ్ళను అడుగు. అయిదు గుంతలు! అప్పుడు నువ్వు మంచి వయసులో ఉంటివి. మీ గాదెలో దాక్కొనింటివి. ఈ పొద్దు వచ్చి ఎవరు లోపల, ఎవరు బయట అని నాకు చెప్తాండావు."

కూలీలు పారలు నేలకు ఆనించి తలలు దించుకున్నారు.

"అయిపోయిన మాటలు ఇప్పుడెందుకు?" పీరాసాబ్ గొంతు పెంచాడు. అది కోపమో సిగ్గో అతనికే తెలీదు. "పదిమంది పెద్దలు అనుకున్న మాట ఇది. నా ఒక్కనిది కాదు. షావలీ, మీ అమ్మను లేపు!"

షావలి దగ్గరికి వచ్చి వంగాడు. "లేమ్మా. నలుగురూ చూస్తాండారు. నా మర్యాద పోతాండాది."

"మీ నాయనకు ఈడ ప్రాణం పోయింది. నీకు మర్యాద పోతే పోనీ. గోడ కట్టాల్నా? నా మీద కట్టు. నేను లేచేది లేదు."

షావలి ఆమె రెక్క పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుంది. అతను మళ్ళీ పట్టుకోబోతే, వాళ్ళ వెంబడే వచ్చి అప్పటిదాకా వెనక నిలబడిన తిమ్మమ్మ ముందుకొచ్చింది.

"చెయ్యి తీయి షావలీ. ఎర్రన్న పక్కన ఉండాదే, ఆ రాయి మీద ఏం రాసుండాదో చదువు."

"అది పుల్లన్న చిన్నాయనది కదా?"

"రాయి పుల్లన్నది. దాని కింద పండుకొనుండేది మీ నాయన."

"తిమ్మా!" మదీనాబీ అరిచింది. "నోరు మూయి. చెప్పకూడదని అనుకోలేదా మనం?"

"అనుకుంటిమి. వాడు వాళ్ళ నాయననే బయటేసి గోడ కడతా ఉంటే నేను ఊరికే చూడాల్నా?" తిమ్మమ్మ షావలి వైపు తిరిగింది. "ఆ కొసన, పడమటి పక్క, ఖాసిం సాబ్ అని రాసిన రాయి కింద ఉండేది మా పుల్లన్న. తవ్వినోళ్ళం మేము. మాకు తెల్దా? రెండేండ్లకు సర్కారు తాడిపత్రి నుంచి ఈ బండలు పంపించింది. తెచ్చినోడు తోచినట్ల పాతిపోయినాడు. మాకు చదువొచ్చునా? నువ్వు ఇస్కూల్లో ఇంగ్లీషు నేర్చుకొని వచ్చి, ఇది నాయన పేరు, ఇది చిన్నాయన పేరు అని చదివి చూపించినావే, ఆ పొద్దు తెలిసింది మాకు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు చిన్నమ్మా?"

"చెప్తే రాళ్ళు పీకుతారు, తవ్వి చూస్తామంటారు. రాయి ఎవరిదైతే ఏమి అనుకుంటిమి."

ముందుగా తేరుకున్నది పీరాసాబే.

"అట్లయితే పని ఇంకా సులువు కదా! గోడను ఒక్క గోరీ తూర్పుకు జరిపితే సరిపాయ. ఖాసిం సాబ్ లోపలికి వస్తాడు, ఆ కొసది బయట పడతాది. షావలీ, దారం మార్చు."

మదీనాబీ కొడుకు ముఖంలోకి చూసింది. "విన్నావా? అందుకే ఈ మాట చెప్పకూడదు అనుకుంటి. మీ నాయన బయట పడతాడని కాదురా నేనీడ కూర్చునింది. పుల్లన్న బయట పడకూడదని. ఆ మాట నీకంతట నీకు తెలుస్తాదని ఎదురు చూస్తి."

షావలి పడమటి కొసన ఉన్న రాయి వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ పేరు చదివిననాటి నుంచి ప్రతి శుక్రవారం ఆ రాయి ముందరే నిలబడి ఫాతేహా చదివాడు. పెళ్ళి కుదిరితే అక్కడికే పోయి చెప్పుకున్నాడు. మొదటిసారి మేస్త్రీ అయిన రోజున తాపీని ఆ రాయికి ఆనించి, నాయనా చూడు అన్నాడు.

"ఇన్నేండ్లూ నేను దువా చేసింది పుల్లన్న చిన్నాయనకా?"

అతను నడిచిపోయి ఆ రాయి పక్కన కూలబడ్డాడు. రాయి మీద చెయ్యి వేసి, చిన్నపిల్లాడిలా భుజాలు అదిరేటట్టు ఏడ్చాడు. తిమ్మమ్మ పోయి పక్కన కూర్చొని అతని తల నిమిరింది. "ఆయప్పకు కొడుకు లేని కొరత నువ్వే తీర్చినావులే నాయనా" అంది.

కాసేపటికి షావలి ముఖం తుడుచుకొని లేచాడు. తల్లికి చెయ్యి అందించి లేవదీశాడు. సున్నపు గీతను కాలితో చెరిపేశాడు. మేకులు పీకి, దారం చుట్టుకొని, ఎర్రన్న గోరీ దాటి రెండు గజాల అవతల మొదటి మేకు కొట్టాడు.

"మామా, గోడ అయిదిటికీ."

"నేను ఒప్పుకోను."

"అయితే వేరే బేల్దారిని చూసుకోండి. ఈ సీమలో నా మాట కాదని ఈ మిట్ట మీద తాపీ పట్టేవాడు ఎవడో నేనూ చూస్తా."

"పెద్దల మాట కాదంటే నా కూతుర్ని నా ఇంటికి పంపాల్సి వస్తాది. ఆలోచించుకో!"

అప్పుడే మిట్ట ఎక్కి వచ్చిన రంజాన్ బీ నెత్తి మీద రొట్టెల గంప ఉంది. తండ్రి మాట ఆమె చెవిన పడింది. గంప దించి, ఆయాసం తీర్చుకొని, "నేను యాడికీ రాను నాయనా" అంది. "నా ఇద్దరత్తల్నీ వదిలిపెట్టి నేనెందుకు వస్తా?"

పీరాసాబ్ తలపాగా సర్దుకొని మిట్ట దిగిపోయాడు. కూలీలు కూడా అతని వెనకే పోయారు.

పని మాత్రం ఆగలేదు. షావలి ఒక్కడే పునాది తవ్వాడు. మదీనాబీ, తిమ్మమ్మ చిన్న రాళ్ళు ఏరి అందించారు. రంజాన్ బీ నీళ్ళు మోసింది. పడమటి పక్క షావలి గోడను నాలుగు గజాలు ఎడంగా జరిపాడు. "అంత చోటు ఎందుకురా, రాయి దండగ" అని తల్లి కసిరింది.

"మీ ఇద్దరికీ" అన్నాడతను, రాయి చెక్కుతూనే.

తిమ్మమ్మ కొంగుతో ముఖం తుడుచుకొని, గంప తీసుకొని రాళ్ళకు పోయింది.

నాలుగో రోజు పొద్దున గోడ మోకాటి ఎత్తు లేచింది. పీరాసాబ్ ఒంటరిగా మిట్ట ఎక్కి వచ్చాడు. షావలి పని ఆపలేదు. మామ చాలాసేపు వేపచెట్టు కింద నిలబడి, తర్వాత మదీనాబీ ముందరికి వచ్చాడు.

"వదినా, ఆ పొద్దు నేను గాదెలోనే ఉంటిని. నిజమే" అన్నాడు. "రెండు గడ్డపారల చప్పుడు వినపడుతా ఉన్నింది. పొద్దుగూకే దాకా. ఒకటి ఆగితే ఇంకొకటి. నేను చెవులు మూసుకుంటి. ఈ నాలుగు పొద్దులూ మళ్ళీ అదే చప్పుడు. ఇంట్లో కూర్చోలేకపోతాండా." అతని గడ్డం మీదికి కన్నీళ్ళు జారాయి. తుడుచుకోలేదు. "పెద్దలకు నేను చెప్పుకుంటాలే. ఏదన్నా పనుంటే చెప్పు."

మదీనాబీ అతన్ని ఎగాదిగా చూసింది. కోపం ఎక్కడికీ పోలేదు. కానీ అరవై ఏళ్ళ మనిషి ఎండలో నిలబడి ఏడుస్తూ ఉంటే ఆమె చూడలేకపోయింది.

"ఆ మూలబండ లేపాల అన్నా. ఒక్కరితో అయ్యేది కాదు."

పీరాసాబ్ కండువా నడుముకు బిగించి వంగాడు. బండకు అవతలి పక్క తిమ్మమ్మ అప్పటికే చేతులు వేసి ఉంది. ఇద్దరూ ఒక్కసారి ఒకరినొకరు చూసుకున్నారు.

"జాగ్రత్త అన్నా. వేళ్ళు నలుగుతాయి" అంది తిమ్మమ్మ.

ఇద్దరూ కలిసి బండ ఎత్తారు.