పదమూడు అంగుళాల ఫ్రేము

"ఈ బ్యాడ్జి మీది కాదు కదండీ," అన్నాడు రిజిస్ట్రేషన్ బల్ల వెనకున్న పొడుగాటి యువకుడు. "దీనిమీద మగమనిషి పేరుంది."

"మా నాన్నది. ఆయన తరఫున నేనొచ్చాను."

ఆ మాటతో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ గొంతులకి మాత్రం పాత పరిచయం.

ఆమె పొట్టిది. ఎంత పొట్టిదంటే, సైకిళ్ల కొట్టు నడిపే తండ్రి ఆమెని పిచ్చుక అని పిలిచీ పిలిచీ, చుట్టాలు కూడా అసలు పేరు మర్చిపోయారు. అతను సైకిళ్ల కంపెనీలో సేల్స్ చూస్తాడు. మూడేళ్లుగా ప్రతి మంగళవారం పదకొండింటికి కొట్టుకి ఫోన్ చేస్తాడు కాబట్టి, వాళ్లింట్లో అతని పేరే మంగళవారం. ఇద్దరూ ఎదురుపడడం ఇదే మొదలు.

"నాకింకా అనుమానమే," అన్నాడు మంగళవారం నవ్వు బిగబట్టి. "మీరు మీరేనని తేలాలి. ఫోన్లో ఎప్పుడూ చెప్పే మాట ఒకసారి చెప్పండి. నేను ఆర్డరు అడుగుతానని, పెద్దాయన పక్కనే కూర్చుని మీతో చెప్పిస్తారే, ఆ మాట."

పిచ్చుక బల్ల అంచు పట్టుకుంది.

"నాన్న లేరండీ," అంది.

"అదే గొంతు." అతను సంతోషంగా బ్యాడ్జి చేతికిచ్చాడు. "రెండు నెలలవుతోంది మీరు ఫోనెత్తక. పెద్దాయన అలిగారన్నమాట. ఇవాళ ఆ అలక తీర్చేస్తాం, లోపలికి పదండి."

తండ్రి పోయి ఏడు వారాలైంది. కొట్లో చక్రం సరిచేస్తూ, చేతిలో పానా ఉండగానే ఒరిగిపోయాడు. ఆ సంగతి అప్పుడే చెప్పేయాల్సింది. ఆమె సంచిలో కొట్టు మూసేస్తున్నామని కంపెనీకి రాసిన ఉత్తరం కూడా ఉంది. అది ఇవ్వడానికే వచ్చింది. కానీ అతని మొహంలో ఆ వెలుగు చూశాక, బ్యాడ్జి మెళ్లో వేసుకుని లోపలికి నడిచింది.

హాలు నిండా డీలర్లు. వేదిక మీద నల్లగుడ్డలు కప్పిన ఐదు సైకిళ్లు. కంపెనీ డిజైనరు, నెరిసిన జుట్టావిడ, ఒక్కో గుడ్డా తీస్తూ కొత్త రేంజి చూపించింది. కొండ దిగడానికి రెండు, ఎక్కడానికి ఒకటి, దూరాలు పోవడానికి ఒకటి. డీలర్లు ఫోటోలు తీసుకున్నారు, టైర్లు నొక్కి చూశారు. ఐదోదాని దగ్గర ఆవిడ ఆగి, జేబులోంచి ఒక కాగితం తీసింది.

"ఎనిమిదేళ్లుగా ఒక డీలరు మాకు రాస్తున్న ఉత్తరాల్లో ఇదొకటి. 'నేను ఊరందరికీ కొండ సైకిళ్లు అమ్ముతాను. నా కూతురు మాత్రం పిల్లల సైకిలు తొక్కుతోంది. మీ దగ్గరున్న అన్నిటికన్నా చిన్నదెక్కినా దాని కాళ్లు నేలకందవు. పొట్టివాళ్లకి కొండలక్కర్లేదని మీకెవరు చెప్పారు?'"

హాలంతా నవ్వింది. పిచ్చుక ఒళ్లో చేతులు బిగించుకుని కూర్చుంది.

"ఈ ఉత్తరాలు ఫైల్లో పడుంటే, తెచ్చి నా బల్లమీద పెట్టింది మా సేల్స్ అబ్బాయి. నేను చదివేదాకా కదల్లేదు," అంటూ ఆవిడ గుడ్డ లాగింది. "పదమూడు అంగుళాల ఫ్రేము. మా రేంజిలో మొదటిసారి."

బూడిదరంగు సైకిలు. పెద్దవాటి పక్కన చెల్లెల్లా నిలబడింది. మంగళవారం వెనక వరుసలోంచి ఆమెవైపే చూస్తున్నాడు, పరీక్ష రాసినవాడిలా.

హాలు వెనక మట్టి ట్రాకు వేశారు. సన్నగా జల్లు పడుతోంది. అతను సైకిలు పట్టుకుని నిలబడ్డాడు.

"ఎక్కండి. కాళ్లు అందకపోతే నన్ను తిట్టండి."

"తిట్లు నాకు రావు."

"నిరుడు సైకిళ్ల రంగులు మారిపోయి వచ్చినప్పుడు ఫోన్లో బాగానే వచ్చాయే."

ఆమె ఎక్కింది. రెండు పాదాలూ నేలకి ఆనాయి. ఇరవై ఆరేళ్లలో పెద్దవాళ్ల సైకిలు మీద కూర్చుని నేల తగలడం అదే మొదలు. పెడలు తొక్కింది. దిబ్బ ఎక్కింది, దిగింది, మలుపు తిరిగింది. ట్రాకు చివర తడి కట్టెల కంచె దగ్గర ఆగి, హ్యాండిలు మీద తల వాల్చేసింది.

మంగళవారం బురదలో పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చాడు. "దెబ్బ తగిలిందా? ఎక్కడ?"

"లేదు."

"మరి?"

"నాన్న లేరండీ," అంది తలెత్తకుండా. "నిజంగానే లేరు. ఏడు వారాలైంది."

జల్లు అతని కళ్లద్దాల మీద పడుతోంది. తుడుచుకోలేదు.

"ఇందాక నేను... మీచేత..."

"మీకు తెలీదుగా."

"ఏడుసార్లు చేశాను. అలిగారనుకున్నాను."

"తెలుసు. మోగినంతసేపూ చూస్తూ కూర్చునేదాన్ని. అందరికీ చెప్పాను. పాలవాడికి చెప్పాను, బ్యాంకులో చెప్పాను. మీకొక్కరికీ చెప్పలేకపోయాను." ఆమె ముక్కు తుడుచుకుంది. "మీకు చెప్పనంతకాలం, మీ దగ్గరైనా ఆయన ఉన్నట్టే కదా."

అతను కంచెకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. ఆమె సంచిలోంచి ఉత్తరం తీసిచ్చింది. అక్షరాలు తడవకుండా కోటు చాటున పెట్టుకుని చదివాడు.

"మూసేస్తారా?"

"రిపేర్లన్నీ నాన్నవే. నాకు మాటలే వచ్చు. ఒకటో తారీకున లైబ్రరీలో చేరుతున్నాను."

అతను ఉత్తరం మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"ఒకసారి వచ్చి పొమ్మని పెద్దాయన నిరుడే కబురు పెట్టారు," అన్నాడు అతను. "సైకిలు తయారయ్యాక దాంతోనే వద్దామనుకున్నాను. గొప్పకి పోయాను. ఊరికే వచ్చేయాల్సింది." కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఆర్డర్లు మెయిల్లో పెడితే చాలండీ. ఇంకెవరికీ వారం వారం ఫోన్ చెయ్యను. మీ గొంతు కోసమే చేసేవాణ్ణి. ఇవాళ అనాల్సిన మాట కాదు, తెలుసు."

"నాన్నకి తెలుసది," అంది పిచ్చుక. "ఆయన లేరని చెప్పించేది అందుకే. లేకపోతే ఫోన్ ఆయన తీసుకోవాలిగా." నవ్వబోయింది, ఏడుపొచ్చింది. "ఇప్పుడు మాత్రం నేనేమీ చెప్పలేను."

"అడగను."

మూడు వారాల తర్వాత, కొట్టు చివరి రోజున, మంగళవారం వచ్చాడు. డిజైనరుగారు పంపిన మొదటి సైకిలు తెచ్చాడు. బస్సులో ఎక్కించుకోమన్నారట, మోకాళ్లు చెవులకి తగిలేలా తానే తొక్కుకుంటూ వచ్చాడు. కొట్టు గుమ్మంలో కూర్చున్న పిచ్చుక వాళ్లమ్మ అతన్ని చూసి, భర్త పోయాక మొదటిసారి, నోటికి కొంగడ్డు పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత సైకిలు సీటు మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

"ఆయన చూడాల్సింది, బాబూ," అంది. "సామాన్లు సర్దాక భోంచేసి వెళ్లు. చీకటి పడ్డా పర్లేదు, పడుకోడానికి చోటుంది."

సాయంత్రానికి అరలు ఖాళీ అయ్యాయి. షట్టరు అతను సగం, పిచ్చుక సగం దించారు. అమ్మ పక్కింటావిడతో కలిసి ముందే ఇంటికి వెళ్లిపోయింది.

పిచ్చుక సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ బయలుదేరింది. వీధి మలుపు దాటాక భుజాలు కదిలాయి. అతను గమనించి, పది అడుగులు వెనకబడి నడిచాడు. ఏడ్చుకోనిచ్చాడు. రెండు వీధులు అలాగే గడిచాయి.

ఆమె ఆగింది. వెనక్కి తిరగలేదు.

"అంత వెనకెందుకు," అంది. "పక్కకి రండి."