మేకు కొట్టరాని ఇల్లు

"ఆ డ్రిల్ కింద పెట్టు!"

ఫిలడెల్ఫియాలో ఒక అమ్మాయి నాతో తెలుగులో అన్న మొదటి మాట ఇది. అంతకుముందే ఇంగ్లీషులో అంది. నేను వినిపించుకోలేదు. అప్పుడు నా షర్టు మీద కుట్టిన పేరు చూసింది. వీరాంజనేయులు అన్నది జేబు దాటి చంక దాకా ఉంటుంది. వెంటనే తెలుగులోకి దిగింది.

నేను డ్రిల్ దించాను. ఆఫీసులకి నెట్‌వర్క్ కేబుల్ లాగడం నా పని. ఉద్యోగాలు ఊడిపోతున్న 2009లో మాస్టర్స్ చేసినవాడికి దొరికింది అదే.

ఆ ఇల్లు ఇంగ్లండుని జార్జి రాజులు ఏలిన కాలం నాటిది. ఎర్ర ఇటుక, మధ్యలో తలుపు, తలుపు మీద విసనకర్రలా విచ్చుకున్న అద్దం. అటెన్ని కిటికీలో ఇటూ అన్నే. వచ్చే వారం అందులోకి లాయర్లు దిగుతున్నారు. చెక్కడపు పని చేసిన చలిమంట పొయ్యి పక్కన అప్పుడే ఒక జిరాక్స్ మెషీన్ ముసుగేసుకుని కూర్చుంది.

"ఇది ప్రొటెక్టెడ్ బిల్డింగ్. గోడకి హోల్ పెట్టకూడదు. మేకు కూడా కొట్టకూడదు," అంది ఆ అమ్మాయి. పేరు మృదుల. ఇంటిని ఆఫీసుగా మారుస్తున్న ఆర్కిటెక్ట్.

"మరి వైరు ఎట్టా పోద్ది?"

"అది నీ ప్రాబ్లమ్."

మాటలు చేతకానివాడికి కోపమొస్తే విసురుగా వెళ్ళిపోవడం ఒక్కటే దారి. బ్యాగు భుజాన వేసుకుని తలుపు పిడి పట్టి లాగాను. రాలేదు. తోశాను. భుజంతో గుద్దాను.

"అది డోర్ కాదు."

తిరిగి చూశాను.

"వెనక గోడే. ఇటు డోర్ ఉంది కదా, మ్యాచింగ్‌కి అటు కూడా ఒక ఫేక్ డోర్ పెట్టారు. వాళ్ళకి సిమెట్రీ అంటే పిచ్చి."

నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంటోంది. నేను అసలు తలుపులోంచి బయటికి నడిచాను. విసురు మాత్రం అప్పటికే అయిపోయింది.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. నేనుండే ఎడిసన్‌లో రైలెక్కి, ట్రెంటన్‌లో మారి, దారి పొడుగునా ఒకటే ఆలోచన: ఆ అమ్మాయి నన్ను మొదటి మాటలోనే 'నువ్వు' అంది! ఎంత చనువు! ఆ మధ్యాహ్నం ఫోన్లో డెబ్బై ఏళ్ళ డాక్టరుగారెవరినో "నువ్వు కార్ పార్క్ చెయ్ అంకుల్" అనడం విన్నాక నా చనువు నేలకి దిగింది. పాపం, అమెరికాలో పుట్టిన పిల్ల, 'మీరు' అలవాటు కాలేదు.

కార్పెట్ కింద నుంచి లాగుతానన్నాను. వద్దంది. పైకప్పు అంచున పూలతీగ నగిషీ వెంట లాగుతానన్నాను. నన్ను చంపేసేలా చూసింది.

"మనం ఏది పెట్టినా, రేపు తీసేస్తే మచ్చ ఉండకూడదు. అర్థమైందా?"

"ఊఁ."

"నువ్వు ఇంకేం మాట్లాడవా?"

"ఊఁ."

మాట్లాడను గానీ చూస్తాను. ఆమె ఏ గదిలోకి వెళ్ళినా ముందు గోడ మీద అరచెయ్యి ఆనించేది, పసిపిల్లకి జ్వరం చూసినట్టు. పాత కిటికీ అద్దాల్లో అలలుంటాయి. వాటి వెనక ఆమె నడిస్తే నీళ్ళలో నడిచినట్టుండేది. ఇవన్నీ చూస్తూ నేను ఒకే వైరుని మూడుసార్లు కొలిచేవాణ్ణి. మూడుసార్లూ వేర్వేరు కొలతలు వచ్చేవి.

ఉపాయం చివరికి ఆమెకే తట్టింది. వాడకంలో లేని పొగగొట్టం! కింది పొయ్యీ పై పొయ్యీ అందులోనే కలుస్తాయి. పైనుంచి బరువు కట్టిన తాడు వదిలి, దానికి వైరు కట్టి లాగేస్తే సరి.

"శుక్రవారం చేసేద్దాం. సండే నేను బోస్టన్ వెళ్తున్నా. న్యూ ప్రాజెక్ట్. రెండేళ్ళు," అంది.

"ఊఁ," అన్నాను. నాలాంటి వెధవ ఇంకోడుండడు.

శుక్రవారం ఒకటే వాన. "తాడు కార్‌లో ఉండిపోయింది, తెస్తా," అని ఆమె బయటికి పరుగెత్తింది. ఇల్లంతా ఖాళీ అనుకున్నాను. మోకాళ్ళ మీద కూర్చుని, పొయ్యిలో తలపెట్టి, ఆమెకి చెప్పాల్సింది ఆమె వచ్చేలోపు ఒకసారి ప్రాక్టీసు చేద్దామనుకున్నాను.

"మృదులగారూ! ఈ నెట్‌వర్క్ పని ఇవాళతో అయిపోద్ది. క్యాట్ సిక్స్ కేబులండీ, గట్టిది. అయినా నాకు రోజూ ఇక్కడికి రావాలనుంది. ఇంటి కోసం కాదు. మీరు గోడ మీద చెయ్యి పెట్టినప్పుడు ఆ గోడ నేనైతే బాగుండనిపిస్తది. మీరంటే నాకు ఇష్టం."

పైనుంచి నా మొహం మీద కొంచెం మసి రాలింది.

"బాబూ, మీదే ఊరు?"

పొగగొట్టంలోంచి మగ గొంతు.

"ప... పర్చూరు దగ్గరండీ."

"ఆహా! మాది చీరాల. నా పేరు అచ్యుతరావు, మృదుల నాన్నని. నువ్వు రాకముందే వచ్చాన్లే, ఇల్లు చూద్దామని. పై గదిలో పొయ్యి దగ్గరున్నా. ఆ గోడ సంగతి బాగుందయ్యా. కేబుల్ సంగతి తీసెయ్. ఏదీ, మళ్ళీ చెప్పు."

"అయ్యా..."

"చెప్పవయ్యా! ఆదివారం వెళ్ళిపోతోంది పిల్ల."

చెప్పాను. కేబుల్ తీసేసి చెప్పాను. ఈసారి గొంతు పెద్దదైంది. చివరి మాట కాగానే వెనక చప్పుడైతే తల బయటికి తీశాను.

మృదుల. తడిసి ముద్దయి, చేతిలో తాడుతో.

"ఎవరితో మాట్లాడుతున్నావ్?"

"మీ నాన్నగారితో."

"నేనంటే ఇష్టమని మా నాన్నకి చెప్తున్నావా?"

"మీకే. ఆయన... మధ్యలో ఉన్నారు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"నేను వెళ్ళిపోతున్నా కదా. ఇన్నాళ్ళూ ఏమైంది నీ నోరు?"

"బోస్టన్‌కి మా ఎడిసన్ పక్కన మెట్రోపార్క్ స్టేషన్లో ఎక్కితే మధ్యలో మారక్కర్లేదండీ. ప్రతి శనివారం పొద్దున్న ఉంది రైలు."

"ఎప్పుడు చూశావ్?"

"మీరు చెప్పిన రోజే."

వాన నీళ్ళు ఆమె జుట్టులోంచి చెక్కనేల మీద పడుతున్నాయి. ఇంకెవరైనా ఆ నేలని తడిపితే ఊరుకునేది కాదు. ఇప్పుడు ఆమె అసలు కిందికే చూడలేదు.

"ఏమందయ్యా? ఇక్కడికి వినపడ్డం లేదు!" పొగగొట్టం అరిచింది.

మృదుల నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పొయ్యిలోకి వంగింది.

"నాన్నా, నువ్వు కిందికి రా. లంచ్‌కి వెళ్దాం. ముగ్గురం."

మొహం కడుక్కు రమ్మంది నన్ను. నేను కదల్లేదు. తిరిగొచ్చేలోపు మనసు మార్చుకుంటే? ఆ మసి మొహంతోనే హోటల్‌కి వెళ్ళి, తెల్లగుడ్డ పరిచిన బల్ల ముందు కూర్చున్నాను.