దెయ్యం దీపంలో ఉంది

"మీ పిక్సెల్‌కి దెయ్యం పట్టింది మేడమ్" అని మీటింగులో అందరి ముందూ అన్నది అతనే.

కెమెరా సెన్సర్లు చేసే ఆ కంపెనీలో పిక్సెల్ గీసేది ఆమె, పరీక్షించేది అతను. దీపం వెలిగించి ఒక ఫొటో, ఆర్పి వెంటనే ఇంకో ఫొటో. రెండోది నల్లగా రావాలి. వెలుగుకి పిక్సెల్‌లో పుట్టిన చార్జ్ రవ్వంత మిగిలినా మొదటి బొమ్మ రెండోదాంట్లో దెయ్యంలా కనిపిస్తుంది. కనిపించింది. అందరూ నవ్వారు. ఆ పూటతో ఆమె పేరు దెయ్యాలమ్మ అయిపోయింది.

అంతవరకు "నువ్వు" అంటూ అతని టిఫిన్ డబ్బాలో చెయ్యి పెట్టిన మనిషి "మీరు" అనడం మొదలుపెట్టింది. చార్జ్ మొత్తం ఖాళీ అయ్యేలా డిజైన్ మార్చింది. దెయ్యం కదల్లేదు. ఇవాళ సాయంత్రం మీటింగులో పెద్దసారు ఆ సెన్సర్ చిప్ తయారీనే ఆపేస్తాడు.

మధ్యాహ్నం పరీక్షకు వాడే తెల్లదీపం తీగ ఊడింది. అతను పాత ఎర్రదీపం బిగించాడు. ఈసారి రెండో ఫొటో కాటుకలా నల్లగా వచ్చింది.

తెల్లదీపానికి పూసిన పూత ఆర్పాక కూడా కాసేపు మినుకుమంటుంది; ఎర్రదీపానికి ఆ పూత లేదు. ఆ దీపం ఏరికోరి తెప్పించింది అతనే. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మెట్ల కింద ఆమెను ఆపాడు. బయట వాన.

"తప్పు నా దీపానిది. నీ పిక్సెల్‌లో ఏ లోపమూ లేదు. సారీ."

"నింద మీటింగులో, సారీ మెట్ల కిందా? బాగుంది లెండి."

నిందకు సభ కావాలి, క్షమాపణకు మూల చాలు! ఇంతకన్నా సిగ్గుమాలినతనం ఉందా అనుకున్నాడు.

సాయంత్రం మీటింగులో రెండు దీపాల ఫొటోలూ గోడ మీద వేశాడు. చెవులు కాలిపోతున్నాయి.

"దెయ్యం ఆమె పిక్సెల్‌లో లేదు. నా దీపంలో ఉంది. చూసుకోకుండా వాగాను. ఆ పేరు ఇక నాది."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండు అనిపించింది. చిప్ మాత్రం బతికింది.

వాన తగ్గేదాకా ఇద్దరూ గుమ్మంలో నిలబడ్డారు.

"ఏం దెయ్యాలయ్యా, అంతా ఖాళీ అయిందా?"

"లేదు. సిగ్గు మిగిలింది."

"ఉండనీ, ఒంటికి మంచిది. ఇంకేమైనా మిగిలిందా?"

"ఉంది. ఎప్పట్నుంచో. అది మాత్రం మీటింగులో చెప్పలేను."

ఆమె గొడుగు విప్పి సగం అతని వైపు జరిపింది.

"అది మెట్ల కింద చెప్పినా పర్లేదు. నడువు."