ఎడమ పక్క సీటు

చిక్కడపల్లిలో ఆ గల్లీవాళ్లకు అలారం గడియారంతో పని లేదు. ప్రహ్లాద్ తన మిలిటరీ లారీ స్టార్ట్ చేశాడంటే అవతల అశోక్ నగర్ హాస్టళ్లలో గ్రూప్స్ చదివే పిల్లలు కూడా దుప్పట్లు తన్నేసి లేవాల్సిందే. ఆ పొద్దున కూడా ఆయన బ్యాటరీ దిగిపోకూడదని కాసేపు ఇంజన్ నడిపించి, గల్లీ నిండా పొగ నింపి, ఏమీ ఎరగనివాడిలా ఇంట్లోకొచ్చి చాయ్ అడిగాడు.

ఆయన సైన్యంలో లారీలు నడిపి రిటైరైన మనిషి. ఘట్‌కేసర్ అవతల మూడెకరాల తోట కొన్నాడు. ఆ వెంటనే మిలిటరీవాళ్లు పాత బండ్లు వేలం వేస్తుంటే వెళ్లి ఈ శక్తిమాన్ లారీని పట్టుకొచ్చి, నీలం రంగు వేయించాడు. మూడెకరాల వంకాయలకు అంత లారీ ఎందుకని అడగని చుట్టం లేడు. పెంట ఎరువు తోలాలి, కూరగాయలు మార్కెట్‌కు తోలాలి అని జవాబు చెప్పేవాడు గానీ, అసలు సంగతి అది కాదు. ఆ స్టీరింగ్ పట్టుకుంటే ఆయనకు వయసు గుర్తుండేది కాదు. అది ఆయన భార్య నళినికి బాగా తెలుసు.

నళినికి ఇంకోటి కూడా తెలుసు. ఏడాదిగా ఆయనకు ఎడమ కన్ను కనపడడం లేదు. ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. గేటు స్తంభాన్ని గీరుకుంటూ బండి బయటికి తీసిన రోజే ఆమెకు అర్థమైంది. ఆ మరుసటి ఆదివారం కొంగు బొడ్లో దోపుకుని ఎడమ పక్క సీట్లో ఎక్కి కూర్చుంది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం తోటకు ఇదే తంతు. “అగో సైకిలు.” “బర్రె అడ్డమొస్తున్నది.” “జర ఆగుండ్రి, ముసలమ్మ దాటుతున్నది.” ఊసుపోక మాట్లాడుతున్నట్టు ఈమె చెప్పేది, ఊరికే విన్నట్టు ఆయన స్టీరింగ్ తిప్పేవాడు. మొగుణ్ణి వదిలి పూట కూడా ఉండలేదమ్మా అని చుట్టాలు వెక్కిరిస్తే నవ్వి ఊరుకునేది. తోట చేరేసరికి తల పగిలిపోయేది. గుడిసెలో మంచమ్మీద కళ్లు మూసుకుని పడుకుని, మళ్లీ తిరుగు ప్రయాణానికే లేచేది. తన చూపు ఒక్కసారి తప్పితే ఎవరి బిడ్డో చక్రాల కింద పడుతుందన్న భయం ఆమెను నిద్రలో కూడా వదిలేది కాదు.

ప్రహ్లాద్ చాయ్ తాగుతుండగా నళిని తమ్ముడు రాజేశం వచ్చాడు. అతను ఇన్సూరెన్స్ ఏజెంటు. నళిని అతనికీ చాయ్, బిస్కెట్లు ఇచ్చింది.

“బావా, లారీ ఇన్సూరెన్స్ ఈ నెల్ల అయిపోతది. నీ లైసెన్స్ ఏది?”

“అది గూడ అయిపోవచ్చింది.”

“అయితే రెన్యువల్‌కు డాక్టర్ సర్టిఫికెట్ గావాలె, కండ్లు గూడ చూస్తరు. లైసెన్స్ లేకుంట నడిపినంక ఏమన్న అయితే కంపెనీ పైసా ఇయ్యది.”

ప్రహ్లాద్ గ్లాసు కింద పెట్టాడు. బావ ముఖం చూసి రాజేశం గొంతు తగ్గించాడు.

“పరేషాన్ గాకు. నారాయణగూడల నాకు తెల్సిన డాక్టరున్నడు. మొఖం గూడ చూడకుంట సంతకం పెడ్తడు.”

“ఇంకేంది, ఇయ్యాలనే పోదాం పా!”

“వద్దు,” అంది వంటింటి గడపలోంచి నళిని. “ఆ సంతకం వద్దు. తమ్మీ, మీ బావకు ఎడమ కన్ను కనవడదు.”

రాజేశం బిస్కెట్ నమలడం మరచిపోయాడు. ప్రహ్లాద్ దిగ్గున లేచాడు.

“పిచ్చి లేసిందా నీకు? మంచు కొండలల్ల లారీ నడిపినోణ్ణి! తమ్ముని ముంగట నా ఇజ్జత్ తీస్తున్నవా?”

“మీ ఇజ్జత్ పోతదనే గద ఏడాది సంది మీ పక్కన కూసొని వస్తున్న!”

“నేను రమ్మన్ననా?”

ఆ మాటకు నళిని కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత చాకిరికి దక్కిన మర్యాద ఇదా అనిపించింది. ఇక దాచలేకపోయింది.

“పోయిన ఆదివారం అంబర్‌పేట్ల పాప అడ్డమొచ్చింది, యాదున్నదా?”

“ఏ పాప?”

“పచ్చ గౌను ఏసుకున్నది. ఎడమ దిక్కు నుంచి బండి ముంగటికే ఉరికొచ్చింది. నేను చూసిన. ఒర్రుదామంటె గొంతు లేవలే. వాళ్లమ్మ రెక్క పట్టి గుంజింది గాబట్టి బతికింది. మీరేమో వంకాయల రేటు చెప్పుకుంట పోతనే ఉన్నరు.”

ప్రహ్లాద్ ఆదివారం వెళ్లిన దారంతా మనసులో మళ్లీ తిరిగొచ్చాడు. బస్టాపు గుర్తుంది, చెరుకు రసం బండి గుర్తుంది, సిగ్నల్ దగ్గర తిట్టిన ఆటోవాడు గుర్తున్నాడు. పాప మాత్రం ఎక్కడా లేదు.

“తగలలే గద?” అన్నాడు మెల్లగా.

“తగలలే.”

“నిజం చెప్పు నళినీ.”

“తగలలేదండి. మీ మీద ఒట్టు.”

ఆయన కుర్చీలో కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. బావ ఏడవడం ఎన్నడూ చూడని రాజేశం ఎటు చూడాలో తెలియక గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు.

చాలాసేపటికి ప్రహ్లాద్ కళ్లు తుడుచుకున్నాడు.

“రాజేశం, ఇన్సూరెన్స్ చెయ్యి. లైసెన్స్ ఉన్న డ్రైవర్‌ను ఎవర్నన్న చూడు. నన్ను కండ్ల దవాఖానకు తీస్కపో.” తర్వాత భార్య వైపు తిరిగాడు. “నిన్ను మస్తు తిప్పలు పెట్టిన. ఇగ నువ్వు రానక్కర్లే. ఇంట్ల ఆరాంగ ఉండు.”

“ఎందుకు రాను?” అంది నళిని కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. “ఏడాది సంది బండి ముంగటి తొవ్వనే చూసిన. మన తోట ఎట్లున్నదో ఇప్పటిదాంక కండ్లార చూడనే లేదు.”