ఎస్సై వసుంధరను చంపిందెవరు?

"శవంలో విషం ఉందో లేదో మైక్రోస్కోప్‌లో చూసి చెప్పేశాడు! వాడికి ల్యాబ్‌లో ఉద్యోగం ఎవరిచ్చారే?"

కంపెనీ బస్సులో ముందు సీటు అమ్మాయి పక్కనున్నావిడతో అంటున్న ఈ మాట విని, వెనక సీట్లో నిఖిలేష్‌కి మండింది. ఆమె తిడుతున్నది తనకి ప్రాణమైన 'నల్లగేటు' సీరియల్‌ని మరి.

"మేడం, గది సీరియల్. రెండు నిమిషాల్ల తేల్చాలె. మా ల్యాబోళ్ళ లెక్క రోజంతా కూసోని టెస్ట్ జేస్తరా?"

ఆమె వెనక్కి తిరిగింది. కళ్ళు పెద్దవి, కోపం ఇంకా పెద్దది.

"మొదట్లో చేసేవారు. రిపోర్ట్ రావడానికి రెండు ఎపిసోడ్లు పట్టేది. మీరు మొదట్నించీ చూసినట్టు లేరు."

"నేను ఇస్కూల్ల ఉన్నప్పటిసంది చూస్తున్న!"

"అంత చూసి కూడా సిగ్గులేకుండా వెనకేసుకొస్తున్నారా?"

బస్సంతా నవ్వింది. ఆమె పేరు కృష్ణప్రియ అనీ, గడ్డపోతారంలోని తమ మందుల కంపెనీ ల్యాబ్‌లోనే కొత్తగా చేరిందనీ నిఖిలేష్‌కి ఆ పూటే తెలిసింది.

ఆ తరవాత ప్రతి సోమవారం బస్సులో శనివారం ఎపిసోడ్‌కి పోస్ట్‌మార్టం జరిగేది. నిజానికి 'నల్లగేటు' అప్పటికే సగం చచ్చింది. ఒకప్పుడు ఇన్‌స్పెక్టర్ చక్రపాణి వీధి వీధి తిరిగి, టీకొట్టు దగ్గర నిలబడి, జనం మాటలు విని కేసు తేల్చేవాడు. ఇప్పుడు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని స్లో మోషన్‌లో నడుస్తున్నాడు. ఒకసారి గతమంతా మర్చిపోయాడు. ఇంకోసారి కవల తమ్ముడు ఊడిపడ్డాడు. పదేళ్ళు నమ్మి చూసినవాళ్ళని ఇంత చులకన చేస్తే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు?

అయినా కృష్ణప్రియ చూస్తూనే ఉంది, ఎస్సై వసుంధర కోసం. చక్రపాణికి ఆమె అంటే ఇష్టం. ఆమెకీ అతనంటే ఇష్టం. ఊరందరికీ తెలుసు. అతను మాత్రం నోరు విప్పడు.

"ఆ ఒక్క మాటా చెప్తాడనే చూస్తున్నాను" అనేది కృష్ణప్రియ.

నిఖిలేష్ ఆ విషయంలో చక్రపాణి కంటే నయం. పటాన్‌చెరు స్టాప్‌లో ఒకే గొడుగు కింద తడుస్తూ, "నువ్వంటే ఇష్టం" అని చెప్పేశాడు. ఆమె నవ్వి, "మరి ఇంట్లో?" అంది.

అక్కడే ఆగిపోయింది. నిఖిలేష్ తండ్రి విశ్వేశ్వర్‌కి సంగారెడ్డి బజార్లో కందులు, పెసలు కొని అమ్మే దుకాణం. కోడలు తమవాళ్ళలోంచే రావాలంటాడు. కృష్ణప్రియవాళ్ళు గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్ళు. తండ్రి సూర్యప్రకాశరావు భానూర్ ఫ్యాక్టరీలో రిటైరై పటాన్‌చెరులో ఇల్లు కట్టుకున్నాడు.

"కందుల సీజన్ ఎల్లనీ, చెప్త" అన్నాడు నిఖిలేష్. తరవాత, "చెల్లె పరీక్షలు అయిపోనీ" అన్నాడు. ఆ తరవాత, "ఆషాఢం పోనీ, మంచిగుంటది" అన్నాడు. శ్రావణం వచ్చింది. కృష్ణప్రియకి సంబంధం కూడా వచ్చింది.

ఆ సోమవారం ముసురు. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి.

"ఏమైంది? ఇంట్ల ఏమన్న అన్నరా?"

"వసుంధరని చంపేశారు."

నిఖిలేష్‌కి నవ్వొచ్చింది. "గదా! ఆ యాక్టర్ మానేసిందంట. ఏం జేస్తరు మరి?"

"చంపితే చంపమను. ఆమెకో సీన్ ఇవ్వరా? చక్రపాణికి ఫోనొచ్చింది. 'యాక్సిడెంట్‌లో పోయింది సార్' అన్నారు. అతను ఫోన్ పెట్టేశాడు. అయిపోయింది. పదేళ్ళు నిఖిల్!"

"సీరియల్ కోసం గింతనా?"

ఆమె అతని వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. అదే అతన్ని భయపెట్టింది.

"రాసేవాళ్ళకి ఆమెని చంపడమే సులువు. అతని చేత ఆ మాట చెప్పించడం కష్టం. అందుకే కవలలు, మతిమరుపులు తెచ్చి దాటేశారు. నీకు కందుల సీజన్, పరీక్షలు, ఆషాఢం. ఆదివారం వాళ్ళు వస్తున్నారు. నేను సరే అనేస్తాను. ఏదో ఒక రోజు నీకూ ఎవరో ఫోన్ చేసి చెప్తారులే."

లేచి వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది. ఆ వారమంతా ల్యాబ్‌లో శాంపిల్ అడగడానికి తప్ప నోరు తెరవలేదు. నిఖిలేష్‌కి అన్నం సయించలేదు. ఆమె లేని బస్సు ఎలా ఉంటుందోనని పదే పదే తలుచుకునేవాడు.

శనివారం పొద్దున దుకాణంలో తండ్రి ముందు నిలబడ్డాడు. తడబడుతూనే అంతా చెప్పాడు.

విశ్వేశ్వర్ అరవలేదు. తక్కెట్లో కందులు పోస్తూనే అన్నాడు. "ఆ పిల్లనే కావాల్నంటే ఇగ ఈ దుకాణం మెట్లెక్కకు. ఇంటికి గూడ రాకు."

ఆ సాయంత్రం నిఖిలేష్ పటాన్‌చెరులో దిగి, వాన్లోనే కృష్ణప్రియ ఇంటికి నడిచాడు. సూర్యప్రకాశరావు టీవీ ముందున్నాడు.

"ల్యాబ్ అబ్బాయివి కదూ? రా బాబూ, కూర్చో. మా అమ్మాయి ఇది చూడటం మానేసింది. ఇదిగో, ఆ ఎస్సై పటానికి చక్రపాణి దండేశాడు. బతికున్నన్నాళ్ళూ ఒక్క మంచిమాట అనలేదు. దండ మాత్రం ఎంత పెద్దదో చూడు!"

"అంకుల్, నేను కృష్ణప్రియను చేసుకుంటనని అడుగనీకి వచ్చిన."

సూర్యప్రకాశరావు టీవీ కట్టేశాడు. వంటింటి గుమ్మంలోకి కృష్ణప్రియ వచ్చి నిలబడింది.

"మీ నాన్నగారికి తెలుసా?"

"పొద్దున చెప్పిన. ఇంటికి రావొద్దన్నడు. ముందే చెప్పాల్సింది. భయపడ్డ. ఆమె పోతదంటే అంతకంటె ఎక్కువ భయమైంది."

పెద్దాయన కూతురి వైపు తిరిగాడు. "రేపు వచ్చేవాళ్ళకి ఏం చెప్పమంటావమ్మా?"

"ఉన్నదే చెప్పండి నాన్నా" అంది కృష్ణప్రియ. కన్నీళ్ళు తుడుచుకోలేదు.

ఆయన ఫోన్ చేశాడు. అవతలి గొంతు గదిలో అందరికీ వినిపించింది. "తప్పు మాదేనండీ" అంటూనే ఉన్నాడాయన. ఫోన్ పెట్టేసేసరికి ముఖం వాడిపోయింది.

"ఈ రాత్రికి ఇక్కడే భోంచేసి పడుకో బాబూ. పొద్దున్నే సంగారెడ్డి వెళ్దాం. మీ నాన్నగారు మెట్లెక్కొద్దన్నారు కదా, కింద నిలబడే మాట్లాడతాను."

"నాయన మాట్లాడడు, అంకుల్."

"మాట్లాడేదాకా నిలబడతాను. నాకిప్పుడు వేరే పనేముంది?"

నిఖిలేష్ తల వంచుకుని ఏడ్చేశాడు. కృష్ణప్రియ తువ్వాలు తెచ్చి అతని తడి తల మీద వేసింది.

"నేనూ వస్తాను నాన్నా" అంది. "నా మాట నేనే చెప్పుకుంటాను."